గోల్డ్ లోన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గోల్డ్ లోన్ గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని పేపర్లో చూస్తూనే ఉన్నాం. మా క్షేమం సంగతి మీ లెడ్జర్‌లోనే ఉంది కాబట్టి వేరే రాయక్కర్లేదు.

మీరు మాకు చుట్టమైంది 2020లో. అప్పుడు నేనొక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మార్చిలో బడి మూశారు. ఏప్రిల్‌లో సగం జీతం వచ్చింది. మేలో కరస్పాండెంట్ గారు ఫోన్లో నిట్టూర్చారు. జూన్ నుంచి ఫోన్ ఎత్తడమే మానేశారు. లెక్కల సారు తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాడు. సోషల్ టీచరమ్మ ఉపాధి హామీ పనికి వెళ్లింది. నాకు ఛందస్సు తప్ప ఏమీ రాదు, దాన్ని కిలోల లెక్కన కొనేవాళ్లు లేరు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా జీడీపీ 23.9 శాతం పడిపోయిందని కేంద్రం ఆగస్టు 31న ప్రకటించింది. మా ఆవిడ అంతదాకా ఆగలేదు. మే నెలలోనే బీరువా తీసింది.

ఆ రోజు మీ దర్శనం ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. బయట సున్నంతో గీసిన గుండ్రాల్లో మాస్కులు పెట్టుకుని నిలబడ్డాం. లోపల మీ అప్రైజర్ గారు హారాన్ని గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, దీపం కిందికి వంచి చూశారు. తర్వాత కాటాలో పెట్టి రాళ్ల బరువు తీసేశారు, లక్క బరువు తీసేశారు, ఎందుకైనా మంచిదని ఇంకొంచెం తీసేశారు. మా పెళ్లిలో మా మామగారు ఈ హారం నాలుగు తులాలని పదిమందిలో చెప్పారు. మీ కాటా మూడు దగ్గరే ఆగిపోయింది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు వైపు చూసింది. ఆ విషయం ఇంతవరకూ మా ఇద్దరి మధ్య రాలేదు. వస్తే మీ కాటాయే సాక్షి.

పుస్తెల జోలికి మీరు రాలేదు, సంతోషం. తాడు మాత్రం తీసుకున్నారు. పుస్తెలు పసుపుతాడులోకి మారాయి. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, "ఏదైనా వ్రతమా అమ్మా?" అని అడిగారు. "అవునమ్మా, ఏడాది వ్రతం, ఏడాది కాగానే తిరగరాయించాలి" అంది మా ఆవిడ.

ఆ మేలోనే ప్రధానమంత్రి 20 లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. మా వీధిలో అందరం సున్నాలు లెక్కపెట్టుకున్నాం. సున్నాలు సరిగ్గానే ఉన్నాయి. మారటోరియం కూడా ఇచ్చారు: ఆగస్టు దాకా వాయిదాలకు సెలవు, వడ్డీకి మాత్రం సెలవు లేదు. ఆగస్టు 6న రిజర్వ్ బ్యాంక్ ఇంకో మేలు చేసింది. వంద రూపాయల బంగారం మీద బ్యాంకులు అప్పటిదాకా 75 రూపాయలే అప్పిచ్చేవి, 2021 మార్చి 31 దాకా 90 ఇవ్వొచ్చంది. కష్టకాలంలో జనానికి చేతనైన సాయం! ఉన్నది ఒకటే హారమైనా దాని మీద ఇంకాస్త మునగొచ్చు. నెలాఖరులో టీవీ వాళ్లు చూపించిన జీడీపీ గీత నేలకు తగులుతూ ఉంది. దాన్ని కింద నుంచి మోసింది ఎవరి మెడలో మీకు తెలుసు, రసీదులు మీ దగ్గరే ఉన్నాయి.

మా ఆవిడ మొదట్లో సిగ్గుపడేది. ఓదార్చడానికి నేను చరిత్ర చెప్పాను. 1991లో డాలర్లు నిండుకుంటే ఈ దేశమే మీ గడప తొక్కింది. మేలో 20 టన్నుల బంగారాన్ని మళ్లీ కొనుక్కుంటామన్న షరతుతో స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మింది. జులైలో దాదాపు 47 టన్నులు ఇంగ్లాండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అప్పటికి ప్రధాని మన పీవీ గారే. అంతటి దేశానికే తప్పలేదు, మనమెంత అన్నాను.

"మరి వాళ్లు విడిపించుకున్నారా?" అంది.

అప్పు తీరిపోయిందట గానీ, మన బంగారం చాలాకాలం విదేశీ ఖజానాల్లోనే ఉంది, 2023-24లో రిజర్వ్ బ్యాంక్ ఇంగ్లాండ్ నుంచి 100 టన్నులు ఇంటికి తెచ్చుకుందని, ఈ మధ్యే ఆ బాకీ జవాబు చెప్పాను. ఆవిడ వేళ్ల మీద లెక్కేసి, "అయితే మనకింకా చాలా టైం ఉంది" అని కుక్కర్ దించింది.

మీ వల్ల లోకంలో మర్యాద పెరిగిందని ఒప్పుకోవాలి. లాక్‌డౌన్‌లో పెళ్లికి యాభై మందే అన్నప్పుడు ఎవరి మెడ ఎవరికీ కనబడలేదు. ఆంక్షలు ఎత్తేశాక పెళ్లిళ్లన్నీ ఒక్కసారి వచ్చిపడ్డాయి. ఏ ఫంక్షన్ హాల్లో చూసినా వన్ గ్రామ్ గోల్డ్ ధగధగలే. "దొంగల భయం ఎక్కువైంది వదినా, అందుకే బ్యాంకులో పెట్టేశాం" అంటుంది మా ఆవిడ. "మేమూ అంతే వదినా" అంటుంది అవతలావిడ. ఇద్దరూ సత్యమే పలుకుతారు. ఏ బ్రాంచో, ఎంత వడ్డీయో మాత్రం అడగరు.

2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బియ్యం మేం తిన్నాం. రెండు వేలు మీరు తిన్నారు.

వడ్డీ కట్టి తిరగరాయించుకునే ఆ పాత సుఖం కూడా ఈ మధ్య పోయింది. అసలు మొత్తం కట్టి లోన్ మూసేస్తేనే కొత్తది ఇస్తామన్నారు మీవాళ్లు. అసలే ఉంటే మీ దగ్గరికెందుకు వస్తామండీ? ఆ మాట అడగబోతుంటే మెట్ల దగ్గర ఒకాయన కనబడ్డాడు. చేతిలో సంచి, సంచిలో డబ్బు. ఆయనది ఒక్కపూట అప్పు. ఆయన డబ్బుతో పాత లోన్ మూయాలి, అదే హారాన్ని అదే కౌంటర్లో మళ్లీ పెట్టాలి, వచ్చిన డబ్బు కమీషన్‌తో సహా మెట్ల దగ్గరే ఆయనకిచ్చెయ్యాలి. మీ గుమ్మంలోనే మీకొక తమ్ముడు పుట్టాడు, చూసుకున్నారో లేదో.

ఆ మూయడానికీ తెరవడానికీ మధ్య హారం కాసేపు కౌంటర్ మీద ఏ అప్పూ లేకుండా ఉంది. మా ఆవిడ ఒక్కసారి మెడలో వేసుకుని చూస్తానంది. "వద్దమ్మా, సీల్ వెయ్యాలి, వెనక క్యూ ఉంది" అన్నారు అప్రైజర్ గారు. ఆయన తప్పేం లేదు, క్యూ నిజంగానే ఉంది.

మాంద్యం ఎప్పుడో పోయిందంటారు, మరి ఈ క్యూ ఏమిటో నాకు తెలియదు. 2025 మార్చి నాటికి బ్యాంకుల్లో బంగారు రుణాలు ఏడాదిలోనే రెట్టింపై రెండు లక్షల కోట్లు దాటాయి. ఆ ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష తాకింది. అప్పట్నుంచి మీ దగ్గర నుంచి మెసేజ్‌లే మెసేజ్‌లు: "అభినందనలు! మీ బంగారం విలువ పెరిగింది, మరింత లోన్ పొందండి." బంగారం మీ సేఫ్‌లో ఉంది, అభినందనలు మాకా? మా ఆవిడ ఇప్పుడు పేపర్ రాగానే వేలం ప్రకటనల పేజీయే తీస్తుంది. చీమ తలంత అక్షరాల్లో లోన్ నంబర్లు చూసుకుని, మనది లేదని తేలాక నాకు కాఫీ ఇస్తుంది. లిస్టు పొడుగ్గా ఉన్నప్పుడు కాఫీ ఆలస్యం.

ఇక అసలు విన్నపం. వచ్చే నెల మా మరదలి కూతురి పెళ్లి. మా మామగారు బతికే ఉన్నారు, చూపు కూడా బాగానే ఉంది. తానిచ్చిన హారం ఏదమ్మా అని తప్పక అడుగుతారు. ఆ రెండు రోజులకు హారాన్ని మాకు అద్దెకిప్పించండి. ఆ రెండు రోజుల వడ్డీ కూడా మేమే కడతాం. కావాలంటే మీ సెక్యూరిటీ గార్డును వెంట పంపండి, మా వైపు చుట్టమని చెప్పుకుంటాం, భోజనం మొదటి పంక్తిలోనే పెట్టిస్తాం.

ఇట్లు,
మీ విధేయ ఖాతాదారుడు

తా.క.: పంపేటప్పుడు తూకం చీటీ మాత్రం జతచేయకండి. మామగారు పెద్దమనిషి, తట్టుకోలేరు.