పైసలు ముందు, పంచాయితీ తర్వాత

నిన్న రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. సంగారెడ్డి వైపు సెంట్రింగ్ పనులు చేయిస్తుంటాడు. ఒక కంపెనీ 23 లక్షల ఫైనల్ బిల్లు ఆపేస్తే ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరికి, వెళ్లి గెలిచాడు. అవార్డు (మధ్యవర్తి తీర్పు) చేతికొచ్చి పద్నాలుగు నెలలైంది. "గెలిచాను బావా. మొన్న శనివారం కూలీల బట్వాడాకి మీ చెల్లెలి గాజులు తాకట్టు పెట్టాను" అన్నాడు. కంపెనీ ఆ అవార్డును ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 కింద కోర్టులో సవాలు చేసింది. డబ్బు వసూలుకి ఇతను వేరే పిటిషన్ వేశాడు. రెండూ వాయిదాల మీద నడుస్తున్నాయి.

నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నా ఉద్యోగమే ఇది. బర్మింగ్‌హామ్‌లో సబ్ కాంట్రాక్టర్ల తరఫున పని కొలతలు, బిల్లులు చూస్తాను. పేచీ వస్తే అడ్జుడికేషన్‌కు, అంటే కోర్టు దాకా పోకుండా ఒక తటస్థ వ్యక్తి త్వరగా తేల్చే పద్ధతికి, కాగితాలు తయారుచేస్తాను. ఇదే 23 లక్షల గొడవ ఇక్కడ జరిగి ఉంటే ఏమయ్యేదో నాకు బాగా తెలుసు.

బ్రిటన్‌లో 1996లో నిర్మాణ కాంట్రాక్టుల కోసం ఒక చట్టం చేశారు. 1998 మేలో అమల్లోకి వచ్చింది. డబ్బు రానివాడు ఎప్పుడైనా సరే నోటీసు ఇవ్వొచ్చు. వారం రోజుల్లో వివాదం అడ్జుడికేటర్ చేతికి వెళ్తుంది. ఆయన 28 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆ నిర్ణయం నచ్చనివాళ్లు తర్వాత కోర్టుకో ఆర్బిట్రేషన్‌కో వెళ్లి మొదటి నుంచి వాదించుకోవచ్చు. కానీ ఈలోగా డబ్బు కట్టాల్సిందే.

మన ఇంజినీర్ మిత్రులు చాలామంది ఆ 28 రోజుల గురించే గొప్పగా చెబుతారు. అసలు బలం అక్కడ లేదు. గడువు పెట్టి నిర్ణయం ఇప్పించడం ఎవరైనా చేయగలరు. ఓడినవాడు కట్టకపోతే ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న. దానికి 1999 ఫిబ్రవరిలో మేకబ్, మారిసన్ కంపెనీల కేసులో జస్టిస్ డైసన్ జవాబు చెప్పారు. అడ్జుడికేటర్ సహజ న్యాయం (ఇరుపక్షాల మాటా సరిగ్గా వినడం) పాటించలేదు కాబట్టి అది నిర్ణయమే కాదని, డబ్బు కట్టాల్సిన మారిసన్ వాదించింది. చెల్లదని సవాలు చేసినంత మాత్రాన అది నిర్ణయం కాకుండా పోదని, ముందు డబ్బు కట్టమని ఆయన తీర్పిచ్చారు. లేకపోతే ఓడిన ప్రతివాడూ ఏదో ఒక లోపం చూపించి ఏళ్ల తరబడి లాగేవాడు. మా బావమరిది కేసులో ఇప్పుడు జరుగుతున్నది అదే.

ఆ మరుసటి ఏడు అప్పీల్ కోర్టుకు ఇంకా కఠినమైన కేసు వచ్చింది. బూయిగ్, డాల్ యెన్సెన్ కంపెనీల మధ్య లెక్కలో అడ్జుడికేటర్ రిటెన్షన్ సొమ్ము (బిల్లులో కొంత పట్టి ఉంచుకునే డబ్బు) విషయంలో స్పష్టంగా పొరబడ్డాడు. ఆ పొరపాటుతో, డబ్బు ఇవ్వాల్సిన డాల్ యెన్సెన్ తీసుకునేదైపోయింది. అయినా ఆయనను అడిగిన ప్రశ్నకే ఆయన జవాబు చెప్పాడు కాబట్టి, జవాబు తప్పైనా నిర్ణయం చెల్లుతుందని కోర్టు అంది. డాల్ యెన్సెన్ దివాలా తీసి ఉంది కాబట్టి మాత్రమే చెల్లింపు నిలిపివేసింది. ఇచ్చిన డబ్బు తిరిగి రాదని తెలిసినప్పుడు ఆపడం సబబే.

"ఇదేం న్యాయం, తప్పుడు లెక్కకి డబ్బు కట్టాలా?" అని మొన్న ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. అవును, కట్టాలి. ఆ తప్పును తర్వాత సరిదిద్దుకునే దారి కంపెనీకి ఉంది. లాయర్లు, బ్యాంకు లిమిట్లు ఉన్నాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకు ఇచ్చే సబ్ కాంట్రాక్టర్‌కు అవేవీ లేవు. ఎవరో ఒకరు డబ్బు లేకుండా ఎదురు చూడాల్సి వస్తే, తట్టుకోగలిగినవాడే చూడాలి.

ఇంకోటి. మన దగ్గర సబ్ కాంట్రాక్టర్ వినీ వినీ విసిగిపోయిన మాట, "మాకే పైనుంచి బిల్లు రాలేదు". బ్రిటన్ చట్టంలో ఆ షరతు చెల్లదు, పైవాడు దివాలా తీస్తే తప్ప. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే ఏడు రోజుల నోటీసు ఇచ్చి పని ఆపే హక్కు కూడా ఉంది.

సింగపూర్‌లో ఇంకో మెట్టు ఎక్కారు. అక్కడ అడ్జుడికేటర్ నిర్ణయాన్ని కొట్టేయమని కోర్టుకు వెళ్లాలంటే, కట్టకుండా మిగిల్చిన సొమ్మును ముందు కోర్టులో జమ చేయాలి. వాయిదాల మీద లాగుదామన్న ఆశే పుట్టదు.

ఇది మనకు తెలియనిదేమీ కాదు. మన దేశంలో 2006 ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో చిన్న సరఫరాదారుకు 45 రోజుల్లో చెల్లించాలని ఉంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. అవార్డును కొన్నవాడు సవాలు చేయాలంటే ఆ సొమ్ములో 75 శాతం ముందు కోర్టులో జమ చేయాలి. ఎంత మంచి నిబంధన! కానీ వర్క్స్ కాంట్రాక్టులు, అంటే సరుకూ పనీ కలిపి కట్టి ఇచ్చే ఒప్పందాలు, ఈ చట్టం కిందికి రావని పలు హైకోర్టులు చెప్పాయి. ఇనుము సప్లై చేసినవాడికి దొరికే రక్షణ, అదే ఇనుము కట్టి స్లాబ్ పోసినవాడికి లేదు. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు.

కాంట్రాక్టర్ల సంఘాల్లో ఉన్నవాళ్లకు, ఎంపీలతో మాట్లాడగలిగినవాళ్లకు నా విన్నపం ఇదొక్కటే. వర్క్స్ కాంట్రాక్టులూ వస్తాయని ఆ చట్టంలో స్పష్టంగా రాయించండి. కొత్త ట్రిబ్యునల్ అడగొద్దు, కొత్త కమిటీ అడగొద్దు. ఆ 75 శాతం మా వాళ్లకూ వర్తిస్తే చాలు.

మా బావమరిదికి వచ్చే వాయిదా దసరా సెలవుల తర్వాత. ఈలోగా ఇంకెన్ని బట్వాడాలు ఉన్నాయో అతను వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.