డిస్కు లేనివారికి దేవుడే దిక్కు

తిరుపతిలోని ఒక కళాశాల ల్యాబులో హార్డ్‌డిస్కు లేని పాత కంప్యూటర్లు ఇంకా కొలువు చేస్తున్నాయి. పొద్దున అవి నెట్‌వర్క్ ద్వారా బూట్ కాకపోతే, అంటే ఫైళ్ళు దాచే సర్వరు అనే కంప్యూటరు నుంచి కావలసినవి తెచ్చుకుని పనికి లేవకపోతే, ఏం చేయాలన్న విషయంలో అక్కడి పెద్దలు ఒక శాస్త్రాన్ని స్థిరపరిచి ఉన్నారు. దానిని కొందరు కుర్రవాళ్ళు ఆక్షేపిస్తున్నారు గనుక, శాస్త్రం పక్షాన నాలుగు మాటలు రాయడం నా విధిగా భావిస్తున్నాను.

ముందుగా యంత్రం సంగతి. దానికి సొంత ఆస్తి ఏమీ ఉండదు. స్విచ్ వేయగానే నెట్‌వర్క్ కార్డులోని బూట్ రోమ్ అనే చిప్పు మేలుకొని, తన మ్యాక్ అడ్రస్ (కార్డుకు పుట్టుకతో వచ్చిన సంఖ్య) చెప్పుకుని, నెట్‌వర్క్‌లో నా చిరునామా అయిన ఐపీ అడ్రస్ ఏమిటి, నేను తెచ్చుకోవలసిన ఫైలు ఎక్కడుంది అని తీగ పొడవునా కేక వేస్తుంది. ఈ కేకకు 1984లో రార్ప్, 1985లో బూట్‌పీ, ఆ తరువాత డీహెచ్‌సీపీ అనే నియమావళులు పద్ధతులు ఏర్పరచాయి. 1999 నాటి ఇంటెల్ వారి పీఎక్స్‌ఈ 2.1 అనే నెట్‌వర్క్ బూట్ ప్రమాణం దీనిని మామూలు పీసీలకు అలవాటు చేసింది. సర్వరు పలికితే, యంత్రం టీఎఫ్‌టీపీ అనే ఫైళ్ళ రవాణా పద్ధతి ద్వారా బూట్ ఫైలును 512 బైట్ల ముక్కలుగా, ప్రతి ముక్కకూ అందినట్టు రసీదు పంపుతూ తెచ్చుకుంటుంది. ఎక్కడ ఆగిపోయినా ఆ సంగతి తెర మీద రాసి మరీ ఆగుతుంది: ఈ-61 అంటే కేబుల్ చూడమని, ఈ-51 అంటే డీహెచ్‌సీపీ పలకలేదని, ఈ-53 అంటే జవాబు వచ్చింది గానీ ఫైలు పేరు రాలేదని, ఈ-32 అంటే టీఎఫ్‌టీపీ నుంచి ఉలుకూ పలుకూ లేదని.

ఈ వాచాలత్వమే అసలు చిక్కు. రోగి తన రోగం పేరు తానే చెప్పేస్తే వైద్యుడికి మర్యాద ఏం మిగులుతుంది? అందుకే ఫిర్యాదుల రిజిస్టరులో ‘తెరపై కనిపించిన సందేశం’ అనే గడిలో ‘ఏదో ఇంగ్లీషులో వస్తోంది’ అని రాయడం అక్కడి ఆచారం. అటుపై చికిత్స హోదా క్రమంలో నడుస్తుంది. అటెండరు ప్లగ్గు ఊడదీసి మళ్ళీ పెడతాడు. ఎలక్ట్రీషియన్ ఎర్తింగును శంకిస్తాడు. విభాగాధిపతిగారు వచ్చి వైరస్ అని తేల్చేస్తారు. డిస్కే లేని యంత్రంలో ఆ వైరస్ రాత్రిళ్ళు ఎక్కడ కాపురం ఉంటుందని అడగడం సభామర్యాద కాదు. అప్పటికీ బూట్ కాకపోతే కమిటీ వేస్తారు, ఈశాన్యంలో సర్వరు బరువు పెట్టడమే దోషమని కమిటీలో ఒకరైనా గుర్తు చేస్తారు.

ఈ శాస్త్రం పనిచేయదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్చులో స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఉంటుంది. తీగలు చుట్టు తిరిగి కలిసిపోయాయేమోనన్న అనుమానంతో అది కొత్తగా మేలుకొన్న ప్రతి పోర్టునూ (తీగ తగిలించే చోటునూ) పదిహేను సెకన్లు వింటూ, మరో పదిహేను నేర్చుకుంటూ, మొత్తం ముప్పై సెకన్లు గుమ్మం బయటే నిలబెడుతుంది. పాత బూట్ రోముల్లో చాలావాటికి అంత ఓపిక లేదు. కేక వేసి వేసి, ఈ-51 అని రాసి ఊరుకుంటాయి. ఇంతలో అటెండరు వచ్చి, పవర్ తీయకుండా కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కుతాడు. కొన్ని కార్డుల్లో అప్పుడు లింకు తెగదు, పోర్టు తెరిచే ఉంటుంది, యంత్రం చక్కగా లేచి కూర్చుంటుంది. ఆ పోర్టులకు స్విచ్చులో ఈ నిరీక్షణను తప్పించే పోర్ట్‌ఫాస్ట్ పెడితే సరిపోయేదే, కాని అలా పెడితే అటెండరు హస్తవాసికి అన్యాయం జరగదా? ఏటా ఆయుధపూజ నాడు మొదటి కొబ్బరికాయ అతనిచేతనే కొట్టిస్తున్నారు.

మరి ఈ-53 వచ్చిన రోజు? ఆఫీసులో ఎవరో మొబైలు కోసం ఇంటినుంచి వైఫై రూటరు తెచ్చి, దాని ల్యాన్ పోర్టును కళాశాల తీగకు తగిలిస్తారు. యంత్రం కేక వేయగానే అది సర్వరు కన్న ముందు పలికి, ఐపీ అడ్రస్ ఇచ్చేసి, ఫైలు ఊసు ఎత్తకుండా తప్పుకుంటుంది. ఆ రూటరు ప్రిన్సిపాలుగారి గదిలో దొరికితే దోషం యంత్రాల వయసుదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. ఇక మదర్‌బోర్డు మీది మూడు వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయి, దేనినుంచి ముందు లేవాలో చెప్పే బూట్ వరుస మరచిపోయి, లేని ఫ్లాపీ కోసం వెతుక్కునే కంప్యూటర్లూ, కార్డు మార్చినా కొత్త మ్యాక్ అడ్రస్ సర్వరు జాబితాలో ఎక్కక అనామకంగా మిగిలినవీ కమిటీ దాకా రావు. వాటిని తిన్నగా కండెమ్ చేస్తారు.

పై వైద్యానికి చెన్నై నుంచి సర్వీస్ ఇంజనీరును పిలుస్తారు. ఈ విషయంలో తిరుపతికి ఉన్న సౌకర్యం మరే ఊరికీ లేదు: రానని ఎవ్వరూ అనరు, పైగా సకుటుంబంగా వస్తారు. మొదటి రోజు అలిపిరి మీదుగా కొండకు పోతుంది. రెండో రోజు మధ్యాహ్నం ఆయన ల్యాబుకు వచ్చి, అందరికీ లడ్డూ పంచి, తెర మీది ఈ-61 చూసి, చీపురు తగిలి ఊడిన కేబుల్‌ను బిగించి, సాఫ్ట్‌వేర్ లోపం సవరించితిమని నివేదిక రాసి వెళతారు. బిల్లు ఏ ఆక్షేపణా లేకుండా పాసవుతుంది.

ఒక ల్యాబ్ అసిస్టెంటు మాత్రం క్రమశిక్షణ తప్పి, ఆ నాలుగు కోడ్లనూ వాటి అర్థాలనూ పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి స్విచ్చు పక్కన అంటించింది. తనిఖీ బృందం వస్తోందని గోడలకు సున్నం వేయించినప్పుడు దానిని తొలగించి, ఆ చోట ‘పాదరక్షలు బయట విడువవలెను’ అన్న బోర్డు పెట్టారు.