తుపాకి పేల్చి వంటింట్లోకి పంపారు

మధ్యాహ్నపు అమెరికన్ సీరియళ్లను నమ్ముకున్న నాలాంటి పాత అభిమానుల గోడు ఎవరికి పడుతుంది? ‘ఆల్ మై చిల్డ్రన్’లో 1970 నుంచి 2011 వరకు సూసన్ లూచీ ఒక్కరే పోషించిన ఎరికా కేన్‌ను, అడవిలో ఎదురైన ఎలుగుబంటిని సైతం తన పేరు చెప్పి గద్దించిన ఆ మహాతల్లిని, ఇంటి మనిషిని తిట్టుకున్నట్టే తిట్టుకుంటూ ప్రేమించాం. ఇలాంటి సీరియళ్లలో మేడ మీదికి వెళ్లిన పసివాడు కొన్నాళ్లకే మీసాలతో దిగివచ్చినా, పూడ్చిపెట్టిన మొగుడు మరో నటుడి ముఖంతో తలుపు తట్టినా (అదేమిటని అడిగితే మనమే పిచ్చివాళ్లం) సర్దుకుపోయాం. కానీ 2011 సెప్టెంబరులో, టీవీలో వచ్చిన ‘ఆల్ మై చిల్డ్రన్’ చివరి భాగంలో, అందరూ చేరిన వేడుకలో జేఆర్ అనే పాత్ర తుపాకి పేల్చగానే తెర నల్లబడింది. తూటా ఎవరికి తగిలిందో చెప్పకుండానే, సోమవారం సరిగ్గా అదే వేళకు వంటల కబుర్ల కార్యక్రమం మొదలుపెట్టారు. ఆ సంగతి తేలడానికి 2013లో ఇంటర్నెట్‌లో కొత్త భాగాలు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది, అవీ ఆ ఏడాదే ఆగిపోయాయి.