కటింగ్‌కి కొసరు మెడ విరుపు

కూరగాయలు కొంటే గుప్పెడు కరివేపాకు కొసరు. పాలు పోయించుకుంటే చారెడు కొసరు. జుట్టు కత్తిరించుకుంటే మెడ విరుపు కొసరు. మొదటి రెండింటినీ సూపర్‌మార్కెట్లు మింగేశాయి. కాబట్టి తెలుగువాడి కొసరు సంస్కృతిని ఇవాళ నిలబెడుతున్నది సెలూన్ కుర్చీ ఒక్కటే. బదులుగా మనం అప్పజెబుతున్నది ఏమంత లేదు. ఏడు ఎముకలు, వాటి మధ్య నుంచి మెదడుకు పోయే రెండు రక్తనాళాలు, అంతే.

ఈ క్రతువు చూడనివారు లేరు గానీ, భావితరాల కోసం నమోదు చేసి ఉంచడం మంచిది. కటింగ్ అయిపోతుంది. మెడ వెనక పౌడర్ బ్రష్ తిరుగుతుంది. ‘మసాజ్ చేయమంటారా అన్నా?’ అని వినిపిస్తుంది. అది మర్యాదకు అడిగేదే, అప్పటికే అరచేతిలో చల్లనూనె పడిపోయి ఉంటుంది. (ఆ చల్లదనం మెంథాల్, కర్పూరాల గారడీ. చర్మంలో చలిని పసిగట్టే నరాలను తట్టి లేపుతాయి. బుర్రలోని వేడి ఉన్నచోటే ఉంటుంది.) తర్వాత రెండు అరచేతులూ దోసిలిలా కలిపి మాడు మీద టపటపా వాయింపు. ఆ తర్వాత మెషిన్. చేతి వెనక స్ప్రింగులతో బిగించుకున్న ఆ యంత్రం భుజాల మీదికి రాగానే, అదే సమయానికి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ‘హ హ హలో, పె పె పెరుగు తెస్తాలే’ అని ఈయన. చలిజ్వరమేమో అని అవతల ఆవిడ.

వేళ్ల మెటికలు ఒక్కొక్కటీ విరుస్తాడు. చేతులు వెనక్కి లాగి వీపు వంచుతాడు. ఇక షాపులో పాట కూడా తగ్గినట్టు అనిపించే ఘట్టం. ఒక చెయ్యి గడ్డం కింద, ఒక చెయ్యి తల వెనక. ‘లూజుగా వదిలెయ్యన్నా.’ మెడ పట్టుకుని ఈ మాటంటే సంతలో కోడి కూడా వదలదు. మనం వదిలేస్తాం. టప్!

కుడివైపు అయితే సగం పుణ్యమే కదా, ఎడమవైపూ కావాలి. ఎడమవైపు ఒక్కోసారి పలకదు. అద్దంలో కస్టమర్ మొహం చిన్నబోతుంది, పక్క కుర్చీవాడికి పలికింది మరి. ‘టైట్‌గా ఉందన్నా’ అని అతను రెండోసారి పడతాడు, ఈసారి ఇంకాస్త బలంగా, ఇంకాస్త విసురుగా. మొదటిసారి పలకకపోవడానికి కారణం, మెడ కండరాలు ప్రమాదం పసిగట్టి బిగుసుకోవడం. అంటే ఆ మొత్తం కుర్చీలో ఇంగితం ఉన్నది ఆ కండరాలకే. వాటినీ ఓడించి, టప్ అనిపించి, కటింగ్ డబ్బులు తీసుకుని పంపిస్తారు.

ఇంతకీ ఏమిటా చప్పుడు? పక్కకు జరిగిన ఎముక చోటులో కూర్చోలేదు. పట్టేసిన నరం విడిపోలేదు. కీలు మధ్య ఉండే జిగురు ద్రవంలో గ్యాస్ కరిగి ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ఖాళీ ఏర్పడి, శబ్దం వస్తుంది. 2015లో కెనడాలోని అల్బర్టా పరిశోధకులు వేలి మెటికను ఎమ్మారైలో పెట్టి, లాగుతూ మరీ చూశారు. గోలీసోడా కొట్టిన మోతకు ఇది దూరపు చుట్టం. మనవాళ్లు దానికి ‘స్ట్రెస్ రిలీఫ్’ అని పేరు పెట్టారు. కాసేపు హాయిగా ఉండటం నిజమే, అబద్ధం ఎందుకు? ఆ హాయి సాయంత్రం టీ వేళ దాకా ఉంటే గొప్ప.

మన శాస్త్రాలు దీనికేం చెప్పాయో అని వెతికేవారికి నిరాశే. ఆయుర్వేదం రాసిన వాగ్భటుడు రోజూ అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, చేసుకోమన్నాడు. తలకు, చెవులకు, పాదాలకు నూనె మరీ శ్రద్ధగా పట్టించమన్నాడు. అజీర్తి ఉన్నప్పుడు వద్దని కూడా అన్నాడు (ఆదివారం బిర్యానీ తిని తిన్నగా సెలూన్‌కి వెళ్లేవారు గమనించాలి). మెడ తిప్పి విరవమని ఎక్కడా అనలేదు. స్వీడిష్ మసాజ్‌లో నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, కంపింపజేయడం అని అయిదు పద్ధతులు. వాటికి ఫ్రెంచి పేర్లు పెట్టింది మెజ్గర్ అనే హాలెండ్ వైద్యుడు. స్వీడన్‌వాళ్లకు దక్కింది బోర్డు మీద పేరు మాత్రమే. ఆ అయిదింటిలోనూ టప్ లేదు. దిష్టి తీసేటప్పుడు అమ్మమ్మ మెటికలు విరిచినా తన కణతల దగ్గర తన వేళ్లే విరుచుకుంటుంది. మన మెడ జోలికి రాదు.

మంగళవారం క్షవరం చేయించుకోం. అమావాస్యనాడు గోళ్లు కూడా తీయం. ఇంత భయభక్తులున్న జాతికి బుధవారం ఉదయం మెడ అప్పగించడానికి మాత్రం ఏ వర్జ్యమూ అడ్డు రాదు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. మెదడు వెనక భాగానికి రక్తం మోసే నాళాలు రెండు. మెడ ఎముకలకు పక్కన ఉండే చిన్న రంధ్రాల్లోంచి, ఆరో ఎముక నుంచి మొదటి ఎముక దాకా, పూసల్లో దారంలా పైకి పోతాయి. తల పక్కకు తిప్పినప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం పైనున్న రెండు ఎముకల మధ్యే జరుగుతుంది. నాళం మెలిక తిరిగేదీ అక్కడే. విసురుగా తిప్పితే లోపలి పొర చిరగవచ్చు. చిరిగినచోట రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ పైకి పోతే పక్షవాతం. అమెరికాలో వైన్‌ట్రాబ్ అనే నరాల వైద్యుడు 1993లోనే ‘బ్యూటీ పార్లర్ స్ట్రోక్’ అని పేరు పెట్టి అయిదుగురి కథ రాశాడు. అక్కడ ఎవరూ విరవలేదు కూడా, తల కడగడానికి మెడను సింకు అంచు మీద వెనక్కి వాల్చారంతే. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు సరిగ్గా అలాగే అయింది. 2024లో బళ్లారిలో కటింగ్ తర్వాత ఫ్రీ మసాజ్‌లో మెడ తిప్పించుకున్న యువకుడికి పక్షవాతం వచ్చింది. అరుదే, ఒప్పుకుందాం. అయితే గుర్తుపట్టినవే లెక్కకు వస్తాయి. నాళం చిరిగిన గంటకే కాదు, రెండు మూడు రోజులకు కూడా లక్షణాలు బయటపడవచ్చు. శుక్రవారం కళ్లు తిరిగినవాడికి బుధవారం కటింగ్ ఎందుకు గుర్తొస్తుంది?

కళ్లు తిరుగుతాయి. వాంతి అవుతుంది. మాట ముద్దవుతుంది. ఒక మనిషి ఇద్దరిలా కనిపిస్తాడు, నడక తూలుతుంది. మన ఇళ్లలో తీర్పు రెడీగా ఉంటుంది: గ్యాస్! సోడా తాగించు. పైత్యం, నిమ్మకాయ వాసన చూపించు. కాస్త పడుకోనీ, లేపకండి. లేపండయ్యా! గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మొదటి లక్షణం నుంచి నాలుగున్నర గంటలే గడువు. అందులో రెండు గంటలు మీ నిమ్మకాయ తినేస్తోంది. 108కి ఫోన్ చేయండి. మెడ విరిపించుకున్న సంగతి డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడి దాచకండి. ఇక చప్పుడు బాగా వినపడాలని మెడ పక్కన మైకు పెట్టి రీల్స్ తీసేవాళ్లున్నారు. చెయ్యి తిమ్మిరెక్కి, చేతిలో గ్లాసు జారిపోతున్న మనిషిని కూర్చోబెట్టి, మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి నరాన్ని నొక్కుతోందేమో అని ఒక్క ప్రశ్న అడక్కుండా, నవ్వుతూ విరుస్తారు. కింద లక్ష లైకులు. సిగ్గుండాలి.

కుర్చీ వెనక ఉన్న కుర్రాడిని తిట్టి లాభం లేదు. కత్తెర పట్టడం ఓపిగ్గా నేర్పారు, మెడ పట్టడం చూసి నేర్చుకోమన్నారు. పక్కవాడు విరుస్తాడు కాబట్టి ఇతనూ విరుస్తాడు.

అదే పది నిమిషాల్లో మెడకు పనికొచ్చేది చేయొచ్చు. మెడ మొదలుకీ భుజం చివరకీ మధ్య, బ్యాగు మోసిమోసి గట్టిపడినచోట బొటనవేలు నెమ్మదిగా దించాలి. ‘నొప్పిగా ఉంది గానీ బాగుంది’ అనేంత ఒత్తిడి చాలు. ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా ఆపి, మెల్లగా వదలాలి. ఇలా రెండు మూడుసార్లు. తర్వాత పుర్రె అడుగంచు కింద వేళ్ల కొసలు ఆనించి, తల బరువు వాటి మీద వాలేలా రెండు నిమిషాలు ఉంచాలి. మెడ తిప్పాల్సింది కస్టమరే, తనంతట తాను, ఎంత తిరిగితే అంతే. గొంతు పక్కన నాడి కొట్టుకునేచోట నొక్కకూడదు, కొందరికి గుండె వేగం పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి, ఎముకలు గుల్లబారినవారికి గట్టి ఒత్తిడి పనికిరాదు. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే మర్దన మాట ఎత్తొద్దు, లోపల గడ్డ ఉంటే ఊపిరితిత్తులకు పోతుంది. తల కడిగించుకునేటప్పుడు సింకు అంచున టవల్ చుట్టి పెట్టించుకోవాలి, లేదా ముందుకు వంగాలి.

ఇందులో చప్పుడు ఎక్కడా లేదు. అందుకే దీన్ని ఎవరూ వీడియో తీయరు, పక్క కుర్చీవాడు తల తిప్పి చూడడు.

‘మెడ వద్దు తమ్ముడూ’ అంటే అతను ఏమీ అనుకోడు. గడ్డం కింద చెయ్యి తీసేస్తాడు, టవల్ దులుపుతాడు, ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

‘పోనీ చెవులు విరవమంటారా అన్నా?’