మహారాజశ్రీ పాత బట్టల మూట గారికి

ప్రభువు నామంలో వందనాలు. ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం గానీ, బెజవాడ సింగ్ నగర్‌లో ఆ మాట రాయడానికి ఇంకా కొన్నాళ్లు పట్టేట్టుంది.

నిన్న మధ్యాహ్నం తమరు విచ్చేసినప్పుడు ఎవరమూ ఎదురొచ్చి దణ్ణం పెట్టలేకపోయాం, మన్నించాలి. చర్చి తరఫున వరద ఇళ్లలో బురద ఎత్తుతున్నాం, చేతుల్లో తట్టలున్నాయి. తమరొక్కరే అనుకున్నాం. వ్యాను వెనక తలుపు తీస్తే బంధుబలగమంతా దిగింది: దుప్పటి మూటలు, బియ్యం సంచులు, షాపింగ్ కవర్లు, తాడు కట్టిన టీవీ అట్టపెట్టె ఒకటి. డ్రైవరు "అర్జెంటన్నా, ఇంకో ట్రిప్పుంది" అంటూ తమర్ని సందు మొగలో దింపి, ఫొటో తీసి, పంపినవాళ్ల గ్రూపులో పెట్టేసి వెళ్లిపోయాడు. అక్కడ స్తోత్రాలు, చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతుండగానే ఇక్కడ తుంపర మొదలైంది.

తమరు అల్మరా పైఅరలో పెరిగినవారు, బురద సంగతి తెలియకపోవచ్చు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకి బుడమేరు వాగు పొంగి, డైవర్షన్ కాలువ కట్టకి మూడుచోట్ల గండ్లు పడి ఊరి మీదికొచ్చిన నీళ్లు దిగిపోయాక మిగిల్చింది మెత్తటి ఒండ్రు. అందులో మురుక్కాలవలోది కూడా కలిసే ఉంటుంది. తడిగా ఉంటే పారకి సులువుగా వస్తుంది. రెండు రోజులు గట్టిగా ఎండ కాసిందా, గచ్చుని పట్టేసుకుని గునపం అడుగుతుంది. పదడుగుల చదరపు గదిలో మూడంగుళాల బురదంటే టన్ను పైమాటే. తట్టకి 15 కిలోల చొప్పున 80 తట్టలు, ఒక్క గదికి. వంటిల్లు, వసారా వేరే. ఇద్దరు పార పట్టి, నలుగురు వరసగా నిలబడి తట్టలు చేతులు మారిస్తే గది తేలడానికి గంట, గంటన్నర. అందుకే జట్టు పొద్దున ఆరింటికే ప్రార్థన ముగించుకుని, ఏడున్నరకల్లా సందులో ఉండాలనేది.

ఈ పనికో వరస ఉంది, తమరిలా కలగాపులగం కాదు. మెయిన్ ఆపి ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాకే గడప దాటాలి. సామాను కదిలించకముందే, గోడ మీది నీటి గీత కనపడేలా ఇంటివాళ్లు ఫొటోలు తీసుకోవాలి. నష్టం రాసుకునేవాళ్లు ఆ గీత కడిగేశాక వస్తే ఏం చూపిస్తారు? ఫ్రిజ్‌ని తలుపు తీయకుండా తాడుతో చుట్టి అలాగే బయటికి మోయాలి. వారం పైన కరెంటు లేని ఫ్రిజ్‌ని చేపలతో సహా లోపలే తెరిచారంటే ఆ పూటకి ఆ ఇంట్లో ఇంకెవరూ నిలబడలేరు. నీళ్లు తాగిన దూదిపరుపు నలుగురు పట్టినా లేవదు, కోసి ముక్కలుగా లాగాలి. ఆ తర్వాతే పార, అదీ వెనక గది నుంచి వీధివైపుకి. ఆపైన నీళ్లు, గోడ పైనుంచి కిందికి. అన్నిటికన్నా ఆఖరు బ్లీచింగ్. బురద మీద తెల్లగా ముగ్గులా చల్లుకుంటూ పోతే చూడ్డానికి బాగుంటుంది, కానీ దాని బలమంతా బురదే తినేస్తుంది. కడిగిన గచ్చు మీద, పది లీటర్ల బకెట్టుకి 150 గ్రాముల పౌడరు కలిపి పోసి, పది నిమిషాలాగి మళ్లీ కడగాలి. బాత్రూం యాసిడ్ దాని దగ్గరికే రాకూడదు. రెండూ కలిస్తే వచ్చే గ్యాసుకి మనుషులు పడిపోతారు.

నీళ్ల వంతు దగ్గరే తమరు అడ్డుపడ్డారు.

ఇళ్లు కడగడానికి ఫైరింజన్లు తిప్పుతున్నారు. మోటార్లన్నీ మునిగి కాలిపోయిన సందుకి ఆ గొట్టమే దిక్కు. అది వచ్చేలోగా గదుల్లో బురద గడప అవతలికి తోసి ఉంచితే, ఒక్క గొట్టంతో వరసగా ఇళ్లన్నీ తేలిపోతాయి. తోసి ఉంచకపోయినా, బండి లోపలికి రాకపోయినా అంతే సంగతులు. మళ్లీ వంతు ఎప్పుడో. నిన్న మూడింటికి బండి వచ్చింది. సందు మొగలో తమరున్నారు. అప్పటికే సగం మూటలు విప్పి, వానకి తడవకుండా జరపలేక, వదిలేయలేక, చుట్టూ జనం, మధ్యలో గుట్ట. రెండుసార్లు హారన్ కొట్టి, రివర్సు చేసుకుని పక్క సందుకి పోయారు. వాళ్లని అనడానికేముంది, వాళ్లకింకా బోలెడు సందులున్నాయి. పొద్దుటినుంచి తోసిన బురద గడపల ముందు అలాగే ఉండిపోయింది. రాత్రి వానకి కొంత తిరిగి ఇళ్లలోకే జారింది.

ఇంతకీ మిమ్మల్ని ఎందుకు విప్పాల్సొచ్చిందంటారా? తడిసిన మూటని అలాగే వదిలేస్తే తెల్లారేసరికి ముక్కిన వాసన, రెండో రోజుకి బూజు. ముడి తడిసి బిగుసుకుపోయి బ్లేడు పెట్టి కోయాల్సొచ్చింది. మగ, ఆడ, పిల్లలు అని విడదీసి, చినిగినవి ఏరి, మళ్లీ కట్టడానికి ఒక్కో మూటకి ఇద్దరికి అరగంట. ఆ అరగంటలో తట్టలు ఎన్నో తమరే లెక్కేసుకోండి.

ఇక తమ గర్భవాసుల గురించి. ముఖమల్ షేర్వాణీ, పెళ్లికొడుకుది, గుండీలు లేవు. ఏదో స్కూలు యూనిఫారం, టై, బెల్టుతో సహా, పిల్లాడి సెక్షను పేరు కుట్టి ఉంది. సెప్టెంబరు ఉక్కపోతలో బెజవాడకి స్వెట్టర్లు! జిప్పు రాని ప్యాంట్లు. ఒంటి సాక్సు. జాకెట్లైతే చెప్పక్కర్లేదు, ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి పట్టదన్న సంగతి పంపినవాళ్లకి తెలియనిదా? చీరలు కొన్ని బాగానే ఉన్నాయి, లోపలికి లంగా ఒక్కటీ లేదు. ఆ సందులో ఆడవాళ్లు అడుగుతున్నవి లంగాలు, లోదుస్తులు, నైటీలు, ప్యాడ్లు, తువ్వాళ్లు, దోమతెరలు. అల్మరాలో పాతబడేవి కావవి, కొట్లో కొనాల్సినవి. అందుకే నీలో లేవు.

అవును, నువ్వనే అంటున్నాను. తమరు, గారు అనడానికి ఓపిక అయిపోయింది.

ఒక పెద్దావిడ గుట్టలోంచి చొక్కా ఒకటి తీసి, కాలరు దగ్గర వాసన చూసి, మళ్లీ మడతపెట్టి ఉన్నచోటే పెట్టింది. తనది కాని చొక్కాని కూడా మడతపెట్టే పెట్టింది. "ఇవి మాకెందుకు నాయనా? మా గుడ్డలు మాకున్నయ్యి, బురదయినయ్యి. సబ్బులుంటే ఇయ్యండి, ఉతుక్కుంటాం" అంది. బట్టల సబ్బు, బకెట్టు, దండేనికి పదిగజాల తాడు. అంతే ఆ ఇంటికి కావలసింది. వ్యాను నిండా సబ్బులొస్తే సందులో ప్రతి ఇంటికీ నెలకి సరిపడా అందేవి, పంచడానికి పావుగంట కూడా పట్టేది కాదు. సబ్బుల మధ్య మగ, ఆడ, పిల్లలు అని ఏరుకోవక్కర్లేదు. నువ్వొచ్చావు. పైగా పుణ్యం నీ ఖాతాలో! రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికివ్వాలని బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పినమాట చర్చిలో అందరికీ కంఠతా వచ్చు. ఆ రెండింట్లో చినిగినదాన్ని ఇమ్మని ఆయన ఎక్కడన్నాడో కాస్త చూపిస్తావా? దసరా, క్రిస్మస్ ముందు బీరువా ఖాళీ చేసుకోవాలంటే చేసుకోండి, తప్పు లేదు. దానికి వరద పేరు పెట్టకండి, సేవ అని రాసి పంపకండి. ఊరి చెత్త మోయలేక పారిశుద్ధ్య కార్మికులు చస్తుంటే నీ చెత్త కూడా వాళ్ల నెత్తినే.

నువ్వు కొత్తేం కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన గుట్టలుగా పడున్నావు, ఎవరూ తీసుకోలేదు. గూంజ్ అనే సంస్థ వాళ్లు ఆ గుట్టల్ని ఏరి, విడదీసి, వాడుకలోకి తేవడానికి పడ్డ అవస్థ అందరికీ తెలిసిందే. సేవంటే నువ్వొక్కదానివే కాదు. మనవైపు 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కాసా లాంటి చర్చి సంస్థలు కోస్తాలో తుపాను షెల్టర్లు కట్టించాయి. ఆ చర్చీల పిల్లలమే ఇప్పుడు సంచులు మోస్తున్నాం.

నిన్నొక్కదాన్నే తిడితే పక్షపాతం అవుతుంది. ఫ్లెక్సీ కూడా వచ్చింది, పన్నెండడుగులది, పట్టుకోవడానికి నలుగురు. ఆ నలుగురివీ తెల్లచొక్కాలే, సాయంత్రానికీ తెల్లగానే ఉన్నాయి. పొద్దున నాలుగింటికి పొగలు కక్కుతుండగానే కవర్లలో కట్టిన సాంబారన్నం పదకొండుకే పులిసింది. ఆరబెట్టి కట్టమని స్త్రీల సమాజం పెద్దమ్మలు చెబితే విన్నవాళ్లెవరు? రొట్టె ప్యాకెట్లు మెయిన్ రోడ్డు మీద ఇంటికి పదేసి, లోపల పాయకాపురం సందులకి ఒక్కటీ లేదు. పొట్లాల్లో కరపత్రాలు దూర్చినవాళ్ల సంగతి సంఘ పెద్దలు చూసుకుంటారు.

ఒక్క విషయంలో మాత్రం నీకు రుణపడ్డాం, చెప్పకపోతే దేవుడు మెచ్చడు. నీ అడుగున నాలుగైదు నూలు చీరలున్నాయి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. పాలిస్టరు నీళ్లు పీల్చదు, అటూ ఇటూ తోస్తుందంతే. ఈ చీరల్ని గజం ముక్కలుగా చింపితే కడిగిన గచ్చు మీద చివరి తడి అంతా లాగేశాయి. పారల కర్రలకి ఒక చుట్టు చుడితే అరచేతుల బొబ్బలు కాస్త తగ్గాయి. ఒక లుంగీ అయితే నాలుగు మడతలేసి బిందె మూతికి కట్టాం, ట్యాంకరు నీళ్లలో నలక అందులోనే ఆగిపోయింది. మరిగించడమో క్లోరిన్ బిళ్ల వేయడమో ఎటూ తప్పదనుకో. ఆ చీరలు కట్టుకున్న తల్లెవరో గానీ చల్లగా ఉండాలి. ఆమె మూట వేరేగా కట్టి, పైన "నూలు, తుడవడానికి" అని రాసి పంపినా కళ్లకద్దుకునేవాళ్లం.

ఇప్పుడే ఫోనొచ్చింది. తమ వారిది ఇంకో వ్యాను బయల్దేరిందట, మంగళగిరి దాటిందట. దయచేసి వారికి కబురు పెట్టండి: వారధి దాటకుండానే ఎక్కడో ఓ పక్కన దిగి, ఆ వ్యానుని హోల్‌సేల్ కొట్టు దగ్గరికి పంపమనండి. సబ్బులు, బకెట్లు, నైలాన్ తాడు, వైపర్లు, పారలకి కొత్త కర్రలు. డబ్బులు లేవంటే డీజిల్ ఖర్చయినా మిగుల్చుకుని ఇంట్లోనే ఉండమనండి. రేపు పొద్దున పదింటికి సందులోకి మళ్లీ ఫైరింజను వస్తుందన్నారు. ఆ సందు మొగలో తమ బంధువర్గం ఒక్కరు కనపడినా, ముడి కూడా విప్పం. నేరుగా మున్సిపాలిటీ ట్రాక్టరే.

ఇట్లు,
తట్ట వరసలో మూడో మనిషి