మీ పేదరికం గురించి రెండు మాటలు

జూన్, జూలై వచ్చాయంటే మన ఊళ్ళలో పేద పిల్లలకు ఎక్కడలేని గిరాకీ. ఇంటర్‌లో తొమ్మిది వందల పైచిలుకు మార్కులు, తండ్రి లేడు, తల్లి బీడీలు చుడుతుంది... ఇలాంటి అమ్మాయి ఎక్కడ దొరుకుతుందా అని సేవా సంఘాలు, కుల సంఘాలు, పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు గాలిస్తుంటాయి. తండ్రి ఉన్నా సర్దుకుంటారు గానీ తాగుబోతై ఉండాలి. ఇంటి గోడ ఒకటి కూలి ఉంటే మరీ మంచిది, ఫొటో బాగా వస్తుంది.

ఇలా దొరికిన పిల్లలకు జరిపించే తంతు పేరు ‘ప్రతిభా పురస్కారాలు, ఉపకార వేతనాల ప్రదానోత్సవం’. గిట్టనివాళ్ళు దీన్ని ఆర్భాటం అంటారు. వాళ్ళకు చదువుల సంగతి తెలియదు. పేద పిల్ల కాలేజీ మెట్లెక్కాలంటే ముందు కావలసింది వేదిక. వేదిక మీద పద్దెనిమిది కుర్చీలు. వెనక ఫ్లెక్సీ. అందులో దాత, దాత సతీమణి, దాత తమ్ముడు, ఆ ఏడు అధికారంలో ఉన్న పార్టీ పెద్దలు. అడుగున ఓ మూల విద్యార్థులకు గుర్తుగా, కుచ్చు వేలాడే నల్ల టోపీ.

పది గంటలకు కార్యక్రమం అంటే తల్లులు ఆ రోజు కూలి మానుకుని తొమ్మిదికే వచ్చి కూర్చుంటారు. ముఖ్య అతిథి ఒంటిగంటకు దయచేస్తారు. అప్పుడు జ్యోతి ప్రజ్వలన. ఫ్యాన్ వేస్తే జ్యోతి ఆరిపోతుంది, ఆపితే అతిథికి చెమట పడుతుంది. ఈ సమస్య తేలేసరికి పావుగంట. తర్వాత శాలువాలు. నిర్వాహకులు అతిథులకు కప్పుతారు, అతిథులు నిర్వాహకులకు కప్పుతారు, మిగిలినవి టెంట్ హౌస్ ఆయనకు, మైక్ సెట్ ఆయనకు. ఇక ప్రసంగాలు. వేదిక మీద ఉన్నవాళ్ళంతా వీధిదీపం కిందే చదువుకున్నారట. అప్పట్లో ఊరికి ఉన్న స్తంభాలెన్ని, వీళ్ళెందరు అని లెక్కేస్తే పాపం ఒక్కో దీపం కింద ఎంత తొక్కిసలాట జరిగిందో!

చివరికి చెక్కు వస్తుంది. సన్‌బోర్డు మీద ప్రింటు కొట్టించిన చెక్కు, తలుపంత ఉంటుంది. అక్షరాలా పదివేల రూపాయలు మాత్రమే. అటువైపు పదకొండు మంది పట్టుకుంటారు, ఇటువైపు పిల్ల ఒక్కతే. “ఇంకొంచెం దించమ్మా, సార్ మొహం కనపడట్లే” అంటాడు ఫొటోగ్రాఫర్. దించుతుంది. “మరీ అంత కాదు, బ్యాంకు పేరు రావాలి.” ఎత్తుతుంది. “దాత గారు లేరేంటి?” దాత గారు ఫోన్లో ఉన్నారు. ఆగుతారు. మర్నాడు పేపర్లో చూస్తే అందరూ ఉంటారు, ఆ పిల్లవి మాత్రం బోర్డు అంచున నాలుగు వేళ్ళు. ఫొటో కాగానే చెక్కు లాక్కుంటారు. తర్వాతి పిల్లవాడి పేరు టేపుతో అంటించాలి కదా! అసలు చెక్కు సంగతి అడిగితే, ఆఫీసుకు రమ్మంటారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాత మైకు ఆ పిల్ల చేతికిస్తారు. “మీ కుటుంబ పరిస్థితి గురించి రెండు మాటలు చెప్పు తల్లీ.” పదిహేడేళ్ళ పిల్ల. కింద తన స్నేహితులున్నారు, తన వీధివాళ్ళున్నారు. నాన్న ఎలా పోయాడో చెప్పాలి. చెబుతూ ఏడవాలి. ఏడవకపోతే యాంకరమ్మ మళ్ళీ అడుగుతుంది. ఏ హక్కుతో అడుగుతున్నారయ్యా? పదివేలకు ఆ పిల్ల ఇంటి గుట్టు కొనుక్కున్నారా? పేద పిల్లలకు వారానికో ఇంట్లో అన్నం, అదే వారాలు పెట్టిన కాలంలో ఆ వడ్డన కూడా కులం చూసే జరిగింది, దాన్ని నెత్తినెత్తుకోనక్కర్లేదు. అయినా అన్నం తిన్న పిల్లాణ్ణి అరుగు మీద నిలబెట్టి, నీ దరిద్రం ఊరంతటికీ చెప్పమని ఎవరూ అనలేదు. 1971లో నల్గొండ వైపు సర్వేలులో ఉచిత వసతి బడి, గురుకులం తెరిచిన పి.వి. నరసింహారావుకు ఈ కిటుకు తెలిసినట్టు లేదు. తిండి, పడక, పుస్తకం, పంతులు ఉంటే పిల్లలు చదువుతారనుకున్నారు.

పోనీ, ఆ పదివేలు దేనికి సరిపోతాయి? తెలంగాణలో ఇంజినీరింగుకు పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లకు సర్కారు కట్టే ఫీజు 35,000. కాలేజీ ఫీజు లక్ష అయితే మిగతా 65,000 బీడీల తల్లి కట్టాలి. ఆ 35,000 అయినా వేళకు వస్తుందా అంటే, బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. సర్కారు ఇవ్వలేదని కాలేజీ వచ్చి పిల్ల మెడ మీద కూర్చుంటుంది, కోర్సు అయ్యాక ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటుంది. ఒరిజినల్స్ ఆపొద్దని విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. చెబితే ఏమైంది? బీరువా తాళం యూజీసీ దగ్గర లేదుగా.

అసలు పని చేసేవాళ్ళు వేరే ఉంటారు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ దగ్గర లైన్లో నిలబడే సీనియర్ కుర్రాడు. రాత్రి పదకొండింటి దాకా నెట్ సెంటర్లో కూర్చుని, “ఈ కాలేజీ ముందు పెట్టకు బిడ్డా, బస్సు లేదు” అంటూ వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరుస, సరిచేసే రిటైర్డ్ సార్. హాస్టల్ డిపాజిట్‌కు తక్కువపడితే తన ఫోన్లోంచి కొట్టి, మళ్ళీ ఆ మాటెత్తని నర్సమ్మ. వీళ్ళకు ఫ్లెక్సీ లేదు. వచ్చిన సీటు ఖాయం చేసుకునే సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు రేపటితో అయిపోతుందని ఫోన్ చేసి చెప్పడాన్ని ఫొటో ఎలా తీస్తారు?

అయినా సంప్రదాయాన్ని కాదనడం నాకిష్టం లేదు. వేదిక, శాలువాలు, జ్యోతి అన్నీ ఉండనిద్దాం. ఒక్క మార్పు చాలు. వచ్చే ఏడు మైకు దాత గారికిద్దాం. ఈ డబ్బు తమకెలా వచ్చిందో రెండు మాటలు చెప్పమందాం. చిట్టీల్లోనా, చెరువు శిఖం భూమిలో కొట్టిన ప్లాట్లలోనా, లేక తమ ఇంజినీరింగ్ కాలేజీ బీరువాలోనా? మొహమాటపడితే యాంకరమ్మ మళ్ళీ అడుగుతుంది. పిల్లలు కింద కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడతారు. మధ్యలో గొంతు పూడుకుపోతే కంగారేం లేదు, ఫొటోగ్రాఫర్ దగ్గరికొచ్చి తీస్తాడు.