బీరువా గొప్పదా, డిక్టేషన్ గొప్పదా?

థియోసఫీ అనే దివ్యజ్ఞాన సిద్ధాంతం ఉత్తమమా, థెలీమా అనే కొత్త మతం ఉత్తమమా అని తేల్చే తులనాత్మక ప్రసంగం ఒకటి వినే భాగ్యం ఈ మధ్య కలిగింది. వక్త గారు తెర మీద ఒక పట్టిక వేశారు. ఎడమ గడిలో 'సేవ', కుడి గడిలో 'సంకల్పం'. దాని కింద ఎడమవైపు 'విశ్వ సోదరభావం', కుడివైపు 'స్వేచ్ఛ'. అన్నిటికీ అడుగున ఒక బాణం, బాణం చివర 'సత్యం'. గంటన్నరసేపు ఆ బాణం కదల్లేదు, మేమూ కదల్లేదు. చివరికి రెండు నదులూ ఒకే సముద్రంలో కలుస్తాయని సెలవిచ్చి ఆయన కాఫీకి లేచారు.

నదుల సంగతి నాకు తెలియదు గానీ, ఆ పట్టికలో ఉండాల్సిన గడులే లేవు. ఆ లోటు పూడ్చే బాధ్యత, ఇంకెవరూ ముందుకు రాకపోవడం వల్ల, ఈ కాలమ్ మీద పడింది.

ముందుగా పుట్టుక. 1875లో న్యూయార్క్‌లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ తదితరులు థియోసఫికల్ సొసైటీ పెట్టారు. సరిగ్గా అదే ఏడాది ఇంగ్లండ్‌లో, తర్వాత థెలీమా పెట్టిన అలిస్టర్ క్రౌలీ పుట్టాడు. ఇందులో దైవ సంకల్పం ఉందని క్రౌలీ నమ్మకం. 1875 చేసుకున్న పాపం ఏమిటన్నది నా సందేహం.

ఇక జ్ఞానం చేరే పద్ధతి. థియోసఫీలో అది పోస్టులో వస్తుంది. హిమాలయాల అవతల కూత్ హూమి, మోర్య అని ఇద్దరు మహాత్ములు ఉంటారు. వాళ్ళు రాసే ఉత్తరాలు మద్రాసు అడయారులోని సొసైటీ కేంద్రంలో ఒక బీరువాలో ప్రత్యక్షమయ్యేవి. గోడకు తగిలించిన చెక్క బీరువా, దాన్నే మందిరం అనేవారు. ఆ గోడకి అవతల బ్లావట్‌స్కీ గారి పడకగది. ఈ వాస్తు వివరం భక్తులెవరికీ పట్టలేదు.

1883 ఆగస్టులో జనరల్ మోర్గాన్ అనే పెద్దమనిషి దర్శనానికి వచ్చాడు. ఇంటి వ్యవహారాలు చూసే కులోంబ్ గారి భార్య బీరువా తలుపు తీసింది. లోపల ఆనించి ఉన్న పింగాణీ పళ్ళెం జారిపడి ముక్కలైంది. అయ్యయ్యో అనుకుని, ముక్కలు ఏరి, గుడ్డలో చుట్టి, లోపల పెట్టి తలుపు మూశారు. కాసేపాగి తీస్తే పళ్ళెం చెక్కుచెదరకుండా ఉంది! తోడుగా మహాత్ముడి చీటీ: జరిగిన నష్టం బాగుచేయడం సులువేనని. మన వీధిలో పైపు పగిలితే మున్సిపాలిటీ వాళ్ళు రావడానికి వారం పడుతుంది. మానవజాతి పరిణామం మొత్తం భుజాన మోస్తున్న మహనీయుడు మాత్రం ఒక పళ్ళెం కోసం నిమిషాల్లో స్పందించాడు. అలాంటి పళ్ళేలు మద్రాసు అంగట్లో జతగా కొన్నారని తర్వాత లండన్ పరిశోధక సంఘం తరఫున విచారణకొచ్చిన హాడ్జ్‌సన్ రాశాడనుకోండి. గిట్టనివాళ్ళు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు.

మరుసటి ఏడాది కులోంబ్ దంపతులకీ సొసైటీకీ చెడింది. గుట్టంతా పత్రికకెక్కింది. అప్పుడు సొసైటీ వారే బీరువాని గోడ నుంచి దింపారు. ఒక పరమ భక్తుడు, "చూడండి, వెనకవైపు ఎంత గట్టిగా ఉందో!" అంటూ అరచేత్తో ఒక్కటి చరిచాడు. మధ్య పలక టపీమని పైకి లేచింది. ఆ గదిలో ఉన్నవాళ్ళ ముఖాలు ఒక్కసారి ఊహించుకోండి. ఆ భక్తుడి చెయ్యి ఇంకా గాల్లోనే ఉండి ఉంటుంది. తర్వాత ఏం చేశారు? లెంపలేసుకున్నారా? లేదు, రాత్రికి రాత్రి బీరువా తగలబెట్టారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం అంటారు. ఇక్కడ ఏకంగా బుట్టే మాయం. సత్యాన్ని మించిన ధర్మం లేదన్నది సొసైటీ నినాదం. బీరువా కాలాక కూడా అదే నినాదం.

థెలీమాకి ఈ పోస్టు బాధ లేదు, అంతా డైరెక్టు డిక్టేషన్. 1904 ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో కైరోలో ఐవాస్ అనే గొంతు చెబుతుంటే క్రౌలీ రాసుకున్నాడు. రోజూ పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. యుగమే మారిపోయే కబురు కదా, ఇంకో పావుగంట కూర్చుందామన్న ఆత్రం లేదు. భోజనాల వేళని ఇంతగా గౌరవించిన దైవవాణి నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

నీ సంకల్పం ప్రకారం నడుచుకోవడమే ధర్మం అన్నది ఆ కబురు సారం. విచ్చలవిడిగా తిరగమని కాదండీ, లోపలి అసలు సంకల్పం అని అనుయాయులు ఓపిగ్గా సరిదిద్దుతారు. సరే, అలాగే అనుకుందాం. 1920లో సిసిలీలోని చెఫాలూలో క్రౌలీ ఆశ్రమం తెరిచాడు. అక్కడి నియమం ఏమిటంటే, 'నేను' అనే హక్కు గురువుగారొక్కరిదే. శిష్యుడు పొరపాటున ఆ మాట అంటే బ్లేడుతో తన చేతి మీద తానే గాటు పెట్టుకోవాలి. స్వేచ్ఛ గడిలో దీన్ని ఎక్కడ ఇరికించాలో వక్త గారే చెప్పాలి. 1923లో ఒక కుర్ర శిష్యుడు అక్కడే జబ్బుపడి చనిపోయాడు. ఆ ఏడాదే క్రౌలీని దేశం నుంచి వెళ్ళగొట్టారు. ముస్సోలినీకే అతి అనిపించాడంటే మాటలా!

అంతకుముందు 1905లో క్రౌలీ నడిపిన పర్వతారోహణలో, కాంచనజంగ మీద మంచుచరియలు విరిగిపడి ఒక స్విస్ యువకుడు, ముగ్గురు కూలీలు కూరుకుపోయారు. తోటివాళ్ళు కేకలు పెడుతుంటే ఈ సంకల్పవీరుడు గుడారం వదల్లేదు. ఇలాంటి ప్రమాదాల మీద తనకు సానుభూతి లేదని తీరిగ్గా రాశాడు, అది పత్రికలోనూ వచ్చింది. బరువులు మోసినవాళ్ళు మంచు కింద ఉన్నారు, వీడు ఉత్తరం రాసుకుంటున్నాడు! వాళ్ళకీ ఏదో సంకల్పం ఉండే ఉంటుంది కదా. కనీసం ఇంటికి తిరిగి వెళ్ళాలని.

ఎడమవైపు గడి ఏమైనా శుభ్రంగా ఉందా? జిడ్డు నారాయణయ్యని అడగాలి. రెవెన్యూలో చేసి రిటైరైన తెలుగాయన. భార్య పోయింది. పిల్లల్ని వెంటబెట్టుకుని 1909లో అడయారు చేరాడు. ఆ ఏడాదే ఆయన కొడుకు కృష్ణమూర్తి అనే కృష్ణ, మదనపల్లెలో పుట్టిన పిల్లాడు, సముద్రం ఒడ్డున లెడ్‌బీటర్ కంటపడ్డాడు. మగపిల్లలకి చెప్పకూడని పాఠాలు చెప్పాడన్న ఆరోపణతో 1906లో సొసైటీ నుంచి తప్పుకుని, మళ్ళీ దర్జాగా చేరిన మనిషి ఈ లెడ్‌బీటర్. ఆయనకి పిల్లాడి చుట్టూ దివ్యకాంతి కనిపించింది, రాబోయే జగద్గురువు వీడేనని తేల్చేశారు; పిల్లాడి తండ్రి మాత్రం కనిపించలేదు. వేల ఏళ్ళ కిందటి జన్మలతో సహా కృష్ణ చరిత్రంతా రాసిపారేశారు. ఈ జన్మలో తండ్రికి హక్కుందా లేదా అన్నది మాత్రం కోర్టుకెక్కింది.

1912లో నారాయణయ్య, పిల్లల సంరక్షణ చేతిలో ఉన్న సొసైటీ అధ్యక్షురాలు అనీబిసెంట్ మీద దావా వేశాడు. కృష్ణనీ అతని తమ్ముడినీ తండ్రికి అప్పగించమని 1913లో మద్రాసు హైకోర్టు చెప్పింది. అప్పటికే వాళ్ళని ఇంగ్లండ్‌కి దాటించేశారు. 1914లో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పు కొట్టేసింది. సంరక్షణ కాగితం మీద ఆయనే సంతకం పెట్టాడు కదా అంటారు. పెట్టాడయ్యా! ఎవరి పంచన బతుకుతున్నాడో వాళ్ళు పెట్టమంటే పెట్టాడు. తర్వాత భయమేసి, నా పిల్లల్ని నాకిచ్చెయ్యండి అన్నాడు. ఇచ్చెయ్యాలి. అంతే. అనీబిసెంట్ హోంరూల్ నడిపింది, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది, కాదనేవాడెవడు? అంతమాత్రాన పరాయివాడి బిడ్డలు జగద్గురువు పోస్టుకి ముడిసరుకైపోతారా? ఇందులో పోల్చి మురిసిపోవాల్సిన తత్త్వం ఏముంది?

ఆ పోస్టు సంగతీ చెప్పేస్తాను. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో కృష్ణమూర్తి వేలమంది ఎదుట నిలబడి, తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేశాడు. జగద్గురువు కుర్చీ ఖాళీ అయింది. బిసెంట్ చూపిస్తున్న పిల్లాడు కాదు, అసలు జగద్గురువుని నేనే అని క్రౌలీ అంతకు కొన్నేళ్ళ ముందే కరపత్రం వేసి, అప్లికేషన్ సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటర్వ్యూకి ఎవరూ పిలవలేదు. పిలిచింది దివాలా కోర్టు, 1935లో.